రేవు మిట్ట మీది కేకబండి

రేవులపాడు,
1949 జులై 2.

హజ్రా అక్కకి తమ్ముడు సుభానీ సలాములు.

నీ మొదటి ప్రశ్న నాకు తెలుసు కనక జవాబు ముందే చెబుతున్నా. నీ కూతురు మైమూనా బాగుంది. ఏడో నెల నిండింది. మొహం కాస్త పాలిపోయింది గానీ నోరు మాత్రం నీదే, ఏమీ తగ్గలేదు. నిన్న నేను వాళ్ళ గుమ్మంలో అడుగు పెట్టగానే "మామా, నీ గడ్డం చూస్తే నా బిడ్డ లోపలే ఉండిపోతుంది, గీయించుకుని రా" అంది.

యుద్ధంలో బర్మా అడవుల్లో వైర్‌లెస్ సెట్టు మోసినవాడివి, ఇక్కడ గ్రామఫోనులు బాగుచేసుకుంటూ బతుకుతున్నావని ఏడ్చేదానివిగా. ఇక ఏడవకు. గుంటూరులో లాయరు అమరేశ్వరరావు గారని ఉన్నారు. ఆయనా, ఇంకొందరు పెద్దమనుషులూ సరదాకి ఇళ్ళలో సెట్లు పెట్టుకుని దూరదేశాల వాళ్ళతో మాట్లాడతారు. వాళ్ళదో క్లబ్బు. యుద్ధమప్పుడు సర్కారు ఆ సెట్లన్నీ పట్టుకుపోయి, ఇప్పుడు మళ్ళీ లైసెన్సులిచ్చింది. ఈసారి జనానికి పనికొచ్చేది చేద్దామని లాయరు గారు మిలిటరీ పాతసామాను వేలంలో రెండు చక్రాల రేకు బండి ఒకటి కొన్నారు. ట్రైలరంటారు దాన్ని. లోపల సెట్టు, బ్యాటరీలు, వాటికి కరెంటు ఎక్కించే చిన్న ఇంజను. పైకప్పు మీద ఉమ్మెత్త పువ్వంత కాదు, నీ దూది గంపంత హారను. దాన్ని జీపు వెనక కట్టి తెచ్చారు. గురజాల దాటాక రేగడిలో జీపు కూరుకుపోతే, ఆఖరికి రెండు జతల ఎద్దులు లాగాయి. ఎంత సైన్సయినా ఎద్దు తోక పట్టుకోక తప్పలేదు.

ఈ వానాకాలమంతా ఆ బండి రేవు పైన మిట్ట మీద ఉంటుంది, అందులో నేనుంటాను. ఎగువన క్లబ్బు వాళ్ళే ధనుంజయరావు గారని ఇంకో సెట్టు దగ్గర కూచుంటారు. కృష్ణకి వరద వస్తోందంటే ఆయన నాకు చెబుతారు, నేను హారనులో ఊరికి చెబుతాను. జనం మిట్ట ఎక్కేస్తారు. అంతే పని.

మైమూనా ఇల్లు అన్నిటికంటే కింద, నీళ్ళ ఒడ్డునే. అల్లుడు కాలేషా పడవ మనిషి కదా, నీళ్ళకి దూరంగా ఉండలేడు. నువ్వు భయపడకు. నీళ్ళొస్తే దాన్ని మిట్ట ఎక్కించే పూచీ నాది.

బావకి సలాములు.

నీ సుభానీ

*

మాచర్ల,
జులై 9.

ఒరేయ్ సుభానీ,

దీవెనలు. నీ ఉత్తరం చదివి ఒక కన్ను నవ్వింది, ఒక కన్ను ఏడ్చింది. మైమూనా దగ్గర నువ్వుండటం నాకు చానా ధైర్యం. కానీ నిన్ను ఆ రేవుకే పంపాలా? నీకు ఉద్యోగమిచ్చిన దేవుడికి వేరే ఊరు దొరకలేదా?

మన మేనత్త చాంద్ బీ సంగతి మరిచావా? నువ్వు పుట్టకముందు సంగతిలే. నాకూ అప్పటికి నడక సరిగా రాలేదు. నాయన చెబుతుంటే విన్నదే. అత్త ఆ రేవులోనే కాపురముండేది. మిట్టమధ్యాహ్నం ఏటి వైపు నుంచి ఎవరో పేరు పెట్టి పిలిచారంట. మొదటి పిలుపుకే "ఆ" అని పలికి వెళ్ళింది. మళ్ళీ రాలేదు. ఆ ఊళ్ళో పాతకాలం నుంచీ ఎవరైనా సరే, కనపడకుండా పిలిస్తే మూడో పిలుపు దాకా పలకరు. ఏట్లో ఉన్నదానికి రెండు పిలుపులే. మూడోసారి పిలవాలంటే మనిషే పిలవాలి. చిన్నప్పుడు నాయన మనల్ని ఇంట్లోకి పిలిచినా మూడుసార్లే పిలిచేవాడు, గుర్తుందా?

నువ్వేమో మొహం లేని రేకు డబ్బాలోంచి జనాన్ని పేరుపెట్టి పిలుస్తానంటున్నావు. ఎవరొస్తారు రా నీ దగ్గరికి? నీకసలే అచ్చం నాయన గొంతు. కిందటి బక్రీదుకి నువ్వు వాకిట్లో నుంచి పిలిస్తే, పోయిన మామ వచ్చాడేమోనని మీ బావ చేతిలో చెంబు వదిలేశాడు.

ఇక్కడ పత్తి తడిసి ఏకుడు పడటం లేదు. పరుపులు అడిగేవాడు లేడు. నీ బావ నడుము అట్లాగే ఉంది, మాటలు మాత్రం పెరిగాయి.

మైమూనాని కాన్పుకి ఇక్కడికి పంపమని అల్లుడితో మెల్లిగా అను. మెల్లిగా అంటే నీకు చేతకాదు, అయినా అను.

అక్క

*

రేవులపాడు,
జులై 20.

అక్కా,

నువ్వు గెలిచావు. లాయరు గారే స్వయంగా వచ్చి హారను పరీక్ష పెట్టించారు. నేను ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచాను. ఒక్కడు బయటికి రాలేదు సరికదా, ఉన్న తలుపులు కూడా మూసుకున్నారు. లాయరు గారికి ఒళ్ళు మండింది. "ఇంత డబ్బు పోసి కాకుల్ని అదిలించడానికా?" అన్నారు.

అప్పుడు ఊరి పెద్ద పుల్లయ్య తాత కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. "అయ్యా, నీ బండికి మొహం లేదు. కేకేస్తే ఎవరు కేకేశారో మాకేం తెలుసు? ఏది పిలిచినా మూడుసార్లు పిలవాల. మూడోది వింటే మేము వస్తాం" అన్నాడు. సరేనని ఒప్పందం చేసుకున్నాం. మర్నాడు ఒక్కో పేరూ మూడేసిసార్లు పిలిచాను. చూడాలి అక్కా! ముసలీ ముతకా, మేకలూ కోళ్ళతో సహా మిట్ట ఎక్కారు. మైమూనా కూడా ఆయాసపడుతూ వచ్చి, బండి మెట్టు మీద కూచుని మజ్జిగ అడిగింది. లాయరు గారు నా వీపు తట్టారు. అప్పటి నుంచి ఊళ్ళో దీని పేరు కేకబండి.

ఇంకో సంగతి. నవ్వుతావో తిడతావో నీ ఇష్టం. మొన్న బ్యాటరీ ఒకటి బాగుచేయించడానికి గురజాల వెళ్ళి సాయంత్రానికి వచ్చాను. దారిలోనే పట్టుకున్నారు. "మధ్యాన్నం రెండుసార్లు పిలిచి ఊరుకున్నావేందయ్యా? మూడోది పిలవలేదే?" అని. నేను ఊళ్ళోనే లేనన్నా నమ్మరు. గొంతు నాదేనట, ఒట్టు పెడుతున్నారు. ఎవర్ని పిలిచానని అడిగితే "చాంద్ బీ" అన్నారు. ఆ పేరు గలవాళ్ళు ఇప్పుడు ఊళ్ళో ఎవరూ లేరు. పుల్లయ్య తాత మాత్రం ఆ మాట వినగానే కర్ర తీసుకుని ఇంటికి పోయాడు.

ఇది కాలేషా పనే అని నా అనుమానం. మైమూనా వాడికి చాంద్ బీ అత్త కథ చెప్పి ఉంటుంది. వాడికి మైకు మీద మోజు. నేను లేనప్పుడు బండెక్కి నా గొంతు అనుకరించి ఉంటాడు.

సుభానీ

*

మాచర్ల,
జులై 27.

సుభానీ,

నీకు సిగ్గుందా? అల్లుడి మీద పెడుతున్నావు గానీ, చేసింది నువ్వే. నేను అత్త సంగతి రాశాను, నువ్వు దాన్ని పట్టుకుని హారనులో పరాచికాలాడావు. పోయినవాళ్ళ పేరుతో ఆటలేంది రా? నీళ్ళలో పోయిన మనిషి ఆవిడ, మట్టి కూడా దక్కలేదు. కడుపుతో ఉన్న పిల్ల చెవిన ఆ పేరు పడితే ఏమవుతుందోనన్న ఇంగితం కూడా లేదా?

నువ్వు అడగవని తెలిసి కాలేషాకి నేనే కార్డు రాశాను. ఇంట్లో నీళ్ళూ పాములూ తప్ప ఏమీ లేని చోట నా కూతురు కనదు, వెంటనే పంపు అని రాశాను. కోపం మీద రాశాను. రాసేశాను, ఇక చేసేదేముంది.

హజ్రా

*

రేవులపాడు,
ఆగస్టు 6.

అక్కా,

నీ కార్డు కాలేషాకి అందింది. ఆ కార్డు వాడు పుల్లయ్య తాత చేత చదివించుకున్నాడు, అరుగు మీద, పది మంది ముందు. వాడి మొహం ఎట్లా ఉందో నేను రాయలేను. అదే రోజు నేను వాడిని బండి దగ్గర పట్టుకుని, మా అత్త పేరు పిలిచింది నువ్వేనా అని నిలదీశాను. ఇద్దరం కలిసి వాడిని రెండు వైపులా వాయించామన్నమాట. "మీ అక్కకి నా ఇల్లు పాముల పుట్ట, నీకు నేను దొంగ. మంచిది. ఇక నా పెళ్ళాం నీ మిట్ట ఎక్కదు. దాని పేరు ఊరందరి ముందు హారనులో అరిచావంటే మర్యాద దక్కదు" అన్నాడు. మైమూనా వాడి వెనక నిలబడి నాకు సైగ చేసింది, ఊరుకో మామా అని. ఊరుకున్నాను.

అక్కా, వాడు కాదు. నేనూ కాదు. మన నాయన మీద ఒట్టు.

నిన్న మిట్టమధ్యాహ్నం హారను ఊడదీసి, ఒళ్ళో పెట్టుకుని తుడుస్తున్నాను. తీగ లేదు, బ్యాటరీ లేదు. కాలేషా పడవ ఏటి నడుమ ఉంది, నా కళ్ళకు కనపడుతూనే ఉంది. అప్పుడు వినపడింది. గట్టిగా కాదు. దూరంగా, గాలికి ఎదురు నిలబడి అరిచినట్టు. "చాంద్ బీ." కాసేపాగి మళ్ళీ "చాంద్ బీ." అంతే. మూడోది కోసం నేను కాచుక్కూచున్నాను. రాలేదు. హారను రేకు నా మోకాళ్ళ మీద సన్నగా వణికింది. మిలిటరీలో నా పక్కన బాంబు పడితే లేచి పరుగెత్తినవాడిని, నిన్న లేవలేకపోయాను.

అది నా గొంతు కాదు. మనిషికి తన గొంతు తనకు తెలియదంటారు గానీ, అది నాది కాదు. నాయన గొంతు. పోవడానికి ముందు నాటి ముసలి గొంతు కాదు, పడుచుతనంలోది.

మైమూనాని ఎట్లా తీసుకురావాలో తెలియటం లేదు. ఏదో ఒకటి చెప్పు.

సుభానీ

*

మాచర్ల,
ఆగస్టు 13.

సుభానీ,

నాయన మీద ఒట్టు పెట్టావు కనక నమ్మాను. రెండు రోజుల నుంచి ముద్ద దిగటం లేదు.

నేనే వచ్చేదాన్ని. మీ బావ మంచం దిగటం లేదు, బండ్లు కట్టేవాడు లేడు, చంద్రవంక వాగు పొంగి దారి మూసింది. అల్లుడి కాళ్ళు నా బదులు నువ్వు పట్టుకో. తప్పు నాది, మీ అత్త నోరు చెడ్డది, మనసు చెడ్డది కాదని చెప్పు. పౌరుషాలకి పోయే వేళ కాదిది. పిల్లని ఇప్పుడే పంపలేకపోతే పోనీ, నీళ్ళొచ్చిన రోజు మాత్రం వాడు వద్దన్నా సరే దాని పేరు పిలువు. మూడుసార్లూ పిలువు. మధ్యలో ఆపావంటే నా కూతురు కదలదు. ఆ రేవు నీళ్ళు తాగినవాళ్ళ పద్ధతి దానికీ ఒంటబట్టింది.

అక్క

*

రేవులపాడు,
ఆగస్టు 25.

అక్కా,

మైమూనా బతికింది. ఈ ఉత్తరం తెచ్చిన బండిలోనే అది కూడా ఉంటుంది కనక ముందు దాన్ని దింపుకుని, తర్వాత ఇది చదువు.

మొన్న పొద్దున ధనుంజయరావు గారి కబురొచ్చింది. ఎగువన నీళ్ళు గట్లు దాటాయి, మధ్యాహ్నం లోపల మీ మీదికొస్తాయి అని. ఆకాశం నల్లగా మూసుకుపోయి ఉంది. వానలో ఇంజను తడిసి మొరాయించింది, ఉన్న బ్యాటరీతోనే హారను పట్టుకున్నాను. ఒక్కో పేరూ మూడేసిసార్లు. జనం వస్తూనే ఉన్నారు. మైమూనా పేరు మాత్రం పిలవలేదు. నీ మాట ప్రకారం కాలేషా కాళ్ళు పట్టుకున్నాను కదా, వాడూ మెత్తబడ్డాడు కదా, పెళ్ళాన్ని వాడే తీసుకొస్తాడు, పేరు పిలిచి మళ్ళీ గొడవెందుకు అనుకున్నాను. ఎంత వెధవని! వాడు తెల్లవారగానే నైజాం వైపు జనాన్ని దింపడానికి పోయి, ఆవలి ఒడ్డున చిక్కుకున్నాడట. ఆ మాట ఆఖరున వచ్చినవాళ్ళు చెప్పారు.

"మైమూనా" అని పిలిచాను. "మైమూనా" అని మళ్ళీ పిలిచాను. మూడోసారి నోరు తెరిచేసరికి మైకులో ప్రాణం లేదు. బ్యాటరీ చచ్చింది. నోటితో ఎంత అరిచినా ఆ ఏటి హోరులో నా గొంతు నాకే వినపడలేదు. అది నా మేనకోడలు అక్కా, రెండు పిలుపులకి కదలదు. అరుగు మీద కూచుని మూడోది కోసం చూస్తూ ఉంటుంది. నాకది కళ్ళకు కట్టినట్టు కనపడింది. మిట్ట మీద నుంచి దూకి పరుగెత్తాను.

సగం దారిలో ఎదురొచ్చింది. మోకాళ్ళ లోతు నీళ్ళలో, ఒక చేత్తో కోళ్ళ గంప, ఒక చెయ్యి కడుపు మీద. నన్ను చూసి కసిరింది. "మూడో పిలుపుకి ఇంతసేపా మామా? అయినా గొంతేంది, ఆడదానిలాగా?" అంది. దాన్ని ఎత్తుకుని మిట్టెక్కాను. వెనక దాని ఇంటి కప్పు పక్కకి ఒరిగి, మెల్లిగా కొట్టుకుపోయింది. కాలేషా మర్నాడు పడవేసుకుని వచ్చి, పెళ్ళాన్ని చూసి నా భుజం మీద పడి ఏడ్చాడు. చంద్రవంక తగ్గిందట, వాడే బండి కట్టాడు.

అసలు సంగతి ఇది. బండి మెట్టు మీద తడిసి ముద్దై కూచున్న పుల్లయ్య తాత ఇదంతా విన్నాడు. విని, "చాంద్ బీ మొదటి పిలుపుకి పలకలేదు నాయనా. మీ నాయన మీకు తిప్పి చెప్పాడు" అన్నాడు. ఆ రోజూ వరదేనట. ఆయన అప్పుడు పడుచువాడు, పక్కనే ఉన్నాడు. నాయన ఇదే మిట్ట కింది అంచున నిలబడి చెల్లెల్ని పిలిచాడట, రెండుసార్లు. మూడోది పిలవబోతుంటే కాళ్ళ కింద ఒడ్డు విరిగింది. భుజం మీద పసిపిల్ల. ఆ పిల్లని కరుచుకుని పైకి పరుగెత్తాడు. వెనక్కి తిరిగేసరికి ఇల్లు లేదు. "ఆయమ్మ గుమ్మంలో నిలబడే ఉంది, మూడోది కోసం. నేను చూశా" అన్నాడు తాత.

ఆ పసిపిల్లవి నువ్వే అక్కా.

చాంద్ బీకి వినపడినవి రెండే. ఆ రెండే మనకి వినిపిస్తూ వచ్చింది. నా పిలుపు రెండు దగ్గర ఆగిపోతే, మూడోది తను పిలిచింది.

సుభానీ

*

మాచర్ల,
సెప్టెంబరు 2.

నా తండ్రీ, సుభానీ,

మైమూనా క్షేమంగా చేరింది. నీ ఉత్తరం చదివి, దాన్ని కావలించుకుని, ఎందుకేడుస్తున్నానో చెప్పకుండా ఏడ్చాను. నన్ను మోస్తున్నందుకు నాయన చెల్లెల్ని పిలవలేకపోయాడు. ఆ మాట బతికినన్నాళ్ళూ నాతో అనలేదు. మనల్ని అన్నం తినడానికి పిలిచినా మూడుసార్లు ఎందుకు పిలిచేవాడో ఇప్పుడు తెలిసింది.

నా బిడ్డనీ, దాని కడుపులో బిడ్డనీ కాపాడింది ఆవిడ. గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం ఇన్నేళ్ళూ. నీకు నాయన గొంతుంది. ఆ మిట్ట మీదే నిలబడి మూడోసారి పిలువు. పిలిస్తే ఏమవుతుందోనని భయం లేకపోలేదు. ఏట్లో నుంచి వచ్చేదాన్ని పిలిచి తెచ్చుకోవడమేంది అని మీ బావ గొణుగుతున్నాడు. అయినా పిలువు. జుమ్మా రోజు చూసుకుని, మధ్యాహ్నం వేళ పిలువు.

నీ అక్క

*

రేవులపాడు,
సెప్టెంబరు 9, శుక్రవారం.

అక్కా,

పిలిచాను. జనాన్ని పంపేసి, నమాజుకి ముందే, ఎండ నడినెత్తికి రాగానే మిట్ట అంచున నిలబడ్డాను. ఆ రెండు పిలుపులూ వినపడేదాకా కాచుకున్నాను. వినపడ్డాయి. వెంటనే నేను ఉన్న గొంతంతా పెట్టి "చాంద్ బీ" అన్నాను.

ఏమీ జరగలేదు. ఏరు దాని మానాన అది పోతోంది. ఎవరూ పలకలేదు, ఎవరూ రాలేదు. కొంగలు లేచి మళ్ళీ అక్కడే వాలాయి. చాలాసేపు కూచుని, ఊరికే సిగ్గుపడి లేచాను.

బహుశా వినపడలేదేమో. గాలి ఎదురుగా ఉంది. లాయరు గారు కొత్త బ్యాటరీ పంపారు, ఎల్లుండికి గురజాల చేరుతుంది. అది పెట్టి హారనులో పిలుస్తాను. ఆవలి ఒడ్డుకి కూడా వినపడుతుంది. పలికేదాకా రోజూ మధ్యాహ్నం పిలుస్తాను, నువ్వు దిగులు పెట్టుకోకు. ఈసారి మధ్యలో ఆపను.

మైమూనాకి నా దీవెనలు. కాన్పు కాగానే కబురు రాయి.

సుభానీ

*

మాచర్ల,
సెప్టెంబరు 9, శుక్రవారం.

ఒరేయ్ సుభానీ,

బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం. మగాళ్ళంతా జుమ్మాకి పోయిన వేళ, సరిగ్గా ఎండ నడినెత్తిన ఉండగా పుట్టింది.

పుట్టింది గానీ ఏడవలేదు. నీలంగా, చల్లగా, ఏట్లో నుంచి తీసిన బిడ్డలాగే ఉంది. మంత్రసాని కాళ్ళు పట్టి తలకిందులు చేసింది, వీపు చరిచింది, నీళ్ళు చల్లింది. ఊహూ. మైమూనా "ఏమే అమ్మా, ఏడవదేంది, ఏడవదేంది" అని ఒకటే అరుపు. నాకేం తోచిందో తెలియదు. బిడ్డ చెవి దగ్గర నోరు పెట్టి "చాంద్ బీ" అన్నాను. కదల్లేదు. "చాంద్ బీ" అన్నాను. కదల్లేదు. మూడోసారి అనబోతే నా గొంతు పూడుకుపోయింది రా. పెదవులు ఆడుతున్నాయి, మాట లేదు. నాయనకీ ఇట్లాగే అయిందేమో.

నేను అనకుండానే ఆ పిల్ల కళ్ళు తెరిచింది. ఎవరో పిలిచినట్టు తల గుమ్మం వైపు తిప్పి, "ఆ" అంది. మంత్రసాని అది ఏడుపే అంటోంది. ఏడుపు కాదు. నేను విన్నాను. అది పలకడం. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ఆ పేరే పెట్టాం. మైమూనా ఎందుకని కూడా అడగలేదు.

ఇప్పుడు నా మాట జాగ్రత్తగా విను. మూడోసారి పిలవమని పోయిన ఉత్తరంలో రాశానుగా. నువ్వు పిలిచావో లేదో నాకు తెలియదు. పిలిచి ఉంటే అంతటితో ఊరుకో. పిలవకపోయి ఉంటే, వద్దు, ఇక పిలవొద్దు. ఆవిడ పలికింది రా. ఇక్కడ, నా ఒడిలో పలికింది. ఇంకోసారి పిలిచావంటే, పిలిచిన చోటికే పోవాలనుకుంటుందేమో. ఆ హారను ముట్టుకోకు.

టపా రేపు పొద్దున గానీ పోదు. నీకు ఎప్పటికి అందుతుందో ఏమో. పిల్ల పాలు తాగి పడుకుంది. ఎటు తిప్పి పడుకోబెట్టినా మొహం ఏటి వైపే పెడుతోంది.

నీ అక్క హజ్రా